సౌండ్ ముందొస్తే ఇట్టే పట్టేస్తాం, లేటయితే పట్టించుకోం: కోతి మెదడైనా మన మెదడైనా కన్నునీ చెవినీ ఎలా కలుపుతుంది?

ఎడిటర్_చందు
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో డబ్బింగ్ ఎడిటింగ్ చేస్తా. చాన్నాళ్ళుగా ఒక డౌట్ ఉంది, ఇక్కడ సైన్స్ తెలిసినోళ్ళు ఉన్నారు కదా అని అడుగుతున్నా. డైలాగ్ ట్రాక్ పిక్చర్ కంటే రెండు ఫ్రేములు ముందుకి జరిగిందంటే రూమ్‌లో ఎవరున్నా, టీ ఇవ్వడానికొచ్చిన అబ్బాయికి కూడా, ఏదో తేడా కొడుతోందని తెలిసిపోద్ది. అదే రెండు ఫ్రేములు వెనక్కి పోతే ఎవ్వరూ ఏమీ అనరు, మూడు పోయినా ఒక్కోసారి పాసైపోద్ది. 24 ఫ్రేముల లెక్కన ఫ్రేముకి దాదాపు 42 మిల్లీసెకన్లు. అటు జరిగినా ఇటు జరిగినా తేడా అంతే కదా, మరి మెదడు ఒకవైపే ఎందుకు పట్టుకుంటుంది?

ఇంకోటి. వేరే భాష పెదాల మీద తెలుగు మాట కూర్చోబెట్టేటప్పుడు ప, బ, మ వచ్చిన చోట నటుడి పెదాలు మూసుకోకపోతే చూసేవాళ్ళకి గుచ్చుకుంటది. క, గ అయితే ఎక్కడేసినా నడిచిపోద్ది. ఇది కూడా దానికి సంబంధించిందేనా?

గోదారిగట్టు
చందు గారూ, మొదటి ప్రశ్నకి ఫిజిక్స్‌లోనే సగం జవాబు ఉందండి. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. మనం చూసే దూరాల్లో వెలుతురికి అసలు టైమే పట్టదు. ముప్ఫై మీటర్ల అవతల ఎవరో కొబ్బరి బోండాం కొడుతుంటే కత్తి దిగడం ముందు కనిపిస్తుంది, చప్పుడు 90 మిల్లీసెకన్లు ఆగి వస్తుంది. పుట్టినప్పట్నుంచీ మనం చూసిన ప్రపంచమంతా ఇలాగే ఉందండి, చప్పుడు ఆలస్యంగా రావడం రోజూ జరిగేదే, చప్పుడు ముందొచ్చి బొమ్మ తర్వాత రావడం ప్రకృతిలో ఎక్కడా లేదు. అది మీ ఎడిటింగ్ రూమ్‌లోనే జరుగుతుంది.

టీవీ వాళ్ళు దీన్ని ఎప్పుడో కొలిచారు కూడా. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళ సిఫారసు ఒకటుంది, బీటీ 1359 అని. అందులో సౌండ్ 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పట్టేస్తారు, వెనకైతే 125 దాకా పట్టుకోరు అని ఉంటుంది. మీ రెండు ఫ్రేములు ముందు అంటే 83, గీత దాటేసింది. మూడు ఫ్రేములు వెనక అంటే సరిగ్గా 125, గీత మీద నిలబడింది. మీ రూమ్‌లో జరిగేదే వాళ్ళ టేబుల్లోనూ ఉందండి!

ఎడిటర్_చందు
అబ్బ, 125 లెక్క సరిగ్గా సరిపోయిందే! థాంక్స్ సార్. ఈ నంబర్ మా సీనియర్లు ఎవరూ చెప్పలే.

న్యూరో_సుధ
గోదారిగట్టు గారు చెప్పింది కరెక్ట్, కానీ అది శరీరం బయట జరిగే సంగతి, లోపలికొచ్చాక రేసు తిరగబడుతుంది. (నా పీహెచ్‌డీ ఈ ఏరియాలోనే, అందుకే ఆగలేక రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.)

చెవిలో పని మెకానికల్‌గా జరుగుతుంది, కదలిక కాబట్టి చాలా ఫాస్ట్. కంట్లో వెలుతురు పడ్డాక రెటీనాలో రసాయనిక మార్పులు వరసగా జరిగి అప్పుడు సిగ్నల్ బయల్దేరుతుంది, అది నిదానం. మకాక్ కోతుల మెదడులో సన్నని ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే చప్పుడయిన పది పదిహేను మిల్లీసెకన్లలోనే శ్రవణ కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో వినికిడి చూసుకునే భాగం) న్యూరాన్లు స్పందిస్తాయి, దృశ్య కార్టెక్స్‌లో (అదే పైపొరలో చూపుది) మొదటి స్పందన రావడానికి 40 దాకా పడుతుంది. అంటే బయట వెలుతురు గెలుస్తుంది, లోపల చప్పుడు గెలుస్తుంది, ఏదో పది మీటర్ల దగ్గర జరిగినవి మాత్రమే రెండూ ఇంచుమించు ఒకేసారి మెదడుకి చేరతాయి, దగ్గరివాటికీ దూరంవాటికీ ఎప్పుడూ తేడా ఉంటుంది. కాబట్టి "ఒకేసారి వచ్చినవి ఒకే వస్తువువి" అనే కచ్చితమైన రూలు మెదడు పెట్టుకోలేదు, కొంత వెసులుబాటు ఉన్న కిటికీ పెట్టుకుంటుంది, గోదారిగట్టు గారు చెప్పిన కారణం వల్లే ఆ కిటికీ ఒకవైపు ఎక్కువ తెరుచుకుని ఉంటుంది.

మాటల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది చందు గారూ, మీకు ఇది పనికొస్తుంది. మనం మాట్లాడేటప్పుడు నోరు ముందు కదులుతుంది, గొంతు తర్వాత వస్తుంది. ప్రిన్స్‌టన్‌లో చంద్రమౌళి చంద్రశేఖరన్, ఆసిఫ్ గజన్‌ఫర్ వాళ్ళు 2009లో మాట్లాడేవాళ్ళ వీడియోలు కొలిచి చూశారు, నోరు కదలడం మొదలయ్యాక శబ్దం 100 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య వస్తోందని తేలింది. నోరు తెరిచి మూసే లయ సెకనుకి 2 నుంచి 7 సార్లు, గొంతు హెచ్చుతగ్గులదీ అదే లయ. అంటే పెదాలు చూడటం వల్ల చెవికి ముందే కబురు అందుతుంది, ఇప్పుడొస్తుంది, ఇలాంటిది వస్తుంది అని. సౌండ్‌ని ముందుకి జరిపేస్తే ఆ ముందస్తు కబురు పనికి రాకుండా పోతుంది.

కడప_కిరణ్
సుధ గారూ ఒక ప్రశ్న. మేం డిగ్రీలో చదివింది ఏమంటే చూపు మెదడు వెనక భాగంలో, వినికిడి పక్క భాగంలో, రెండూ వాటి పాటికి అవి పని పూర్తి చేసుకొని తర్వాత పైన ఎక్కడో కలుస్తాయి అని. మీరు కోతుల మాట ఎత్తినారు కాబట్టి అడుగుతాండా, కోతుల్లో చూసింది మనుషులకి ఎంతవరకు వర్తిస్తుంది?

న్యూరో_సుధ
కిరణ్ గారూ, మీరు చదివిన బొమ్మ చాలా ఏళ్ళు అందరూ నమ్మిందే. రెండు కాలువలు వేర్వేరుగా పారుకుంటూ వచ్చి చివర్లో ఒక చెరువులో కలిసినట్టు. 1981లో బ్రూస్, డెసిమోన్, గ్రాస్ అనేవాళ్ళు మకాక్ టెంపోరల్ లోబ్ (మెదడులో చెవి పక్కన ఉండే భాగం) పైభాగంలో ఉండే మడత దగ్గర, దాన్ని సుపీరియర్ టెంపోరల్ సల్కస్ అంటారు, పొట్టిగా ఎస్‌టీఎస్, అక్కడ చూపుకీ చప్పుడికీ స్పర్శకీ కూడా స్పందించే న్యూరాన్లు ఉన్నాయని చూపించారు. అదే ఆ చెరువు అనుకున్నారు.

కానీ అదే రోజుల్లో కింద, మధ్య మెదడులో, సుపీరియర్ కాలిక్యులస్ అని చిన్న ముద్ద లాంటి భాగం ఉంటుంది, కన్నూ తలా ఎటు తిప్పాలో చూసుకునేది అదే, అక్కడ బ్యారీ స్టైన్, అలెక్స్ మెరెడిత్ ముందు పిల్లుల్లో పని మొదలుపెట్టారు (1983 పేపర్ చాలా ఫేమస్), 1996 నాటికి స్టైన్ వాళ్ళే కోతుల్లోనూ అదే చూపించారు. ఒకే న్యూరాన్‌కి వెలుగు చూపిస్తే కొంచెం స్పందిస్తుంది, చప్పుడు వినిపిస్తే కొంచెం స్పందిస్తుంది, రెండూ ఒకే చోట నుంచి ఒకే సమయంలో ఇస్తే స్పందన బాగా పెరుగుతుంది, ఒక్కోసారి విడివిడి స్పందనల మొత్తం కంటే ఎక్కువ. చోటు మారిస్తే ఆ లాభం పోతుంది, కొన్నిసార్లు ఉన్న స్పందన కూడా తగ్గిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది ఏంటంటే, వెలుగూ చప్పుడూ రెండూ బలహీనంగా ఉన్నప్పుడే కలయిక వల్ల లాభం ఎక్కువ. పట్టపగలు ఎదురుగా చిరుత ఉంటే దాని చప్పుడు వినాల్సిన అవసరం కోతికి లేదు. సందె చీకట్లో ఆకులు లైట్‌గా గలగలమని, అదే చోట ఏదో నీడ కదిలినట్టు ఉన్నప్పుడు, విడివిడిగా రెండూ నమ్మదగ్గవి కావు, కలిపితే ప్రాణం దక్కుతుంది.

ఇక మనుషులకి ఎంత వర్తిస్తుంది అంటే, మన మెదళ్ళలో ఎలక్ట్రోడ్లు పెట్టడం మూర్ఛ సర్జరీ లాంటి వైద్య అవసరం ఉన్నప్పుడే కుదురుతుంది, కాబట్టి ఒక్కొక్క న్యూరాన్ ఏం చేస్తోందో తెలిసింది ఎక్కువగా మకాక్ కోతుల నుంచే. మనుషుల్లో ఎఫ్ఎమ్ఆర్ఐ స్కాన్లలో (మెదడులో ఏ భాగం పని చేస్తోందో చూపించేవి) కూడా మొహమూ గొంతూ కలిసి వచ్చినప్పుడు ఎస్‌టీఎస్ ప్రాంతమే వెలుగుతుంది, ఆ పోలిక గట్టిది.

కడప_కిరణ్
"మొత్తం కంటే ఎక్కువ" అన్నారు చూడండి, అది అన్ని న్యూరాన్లలోనూ కాదు కదా. నేను చదివిన ఒక రివ్యూలో చాలావరకు మామూలు కూడికే అని ఉండె.

న్యూరో_సుధ
అవును, మంచి పాయింట్. 2005లో స్టైన్ ల్యాబ్ వాళ్ళే మళ్ళీ జాగ్రత్తగా కొలిచి, ఎక్కువ సందర్భాల్లో స్పందన మామూలు కూడికకి దగ్గరగానే ఉంటుంది, మొత్తాన్ని దాటేది సిగ్నల్స్ బాగా బలహీనంగా ఉన్నప్పుడే అని రాశారు. పాపులర్ ఆర్టికల్స్ ఇది వదిలేసి మ్యాజిక్ అన్నట్టు రాస్తాయి.

అయితే మీ పాత బొమ్మని నిజంగా చెరిపేసింది కార్టెక్స్‌లో దొరికిన సంగతులు. 2002లో మకాక్‌లో శ్రవణ కార్టెక్స్ నుంచి ప్రాథమిక దృశ్య కార్టెక్స్‌కి నేరుగా నరాల దారులు ఉన్నాయని ఫాల్షియే, కెనెడీ వాళ్ళు చూపించారు, అవి కూడా చూపు అంచుల్ని చూసుకునే భాగానికే ఎక్కువగా వెళ్తున్నాయి. ఆలోచించండి, కంటి మూలల్లో సరిగ్గా కనపడని చోటికి చెవి సాయం వెళ్తోంది. 2005లో గజన్‌ఫర్ వాళ్ళు కోతులకి తోటి కోతి అరుస్తున్న వీడియోలు చూపించి శ్రవణ కార్టెక్స్‌లో రికార్డ్ చేస్తే, మొహం కనపడటం వల్ల అక్కడి స్పందనే మారిపోతోంది, కొన్నిచోట్ల పెరుగుతోంది కొన్నిచోట్ల తగ్గుతోంది. 'వినే' భాగం అని పేరు పెట్టుకున్న చోట చూపు కూడా పని చేస్తోంది. మరుసటి ఏడే, 2006లో, గజన్‌ఫర్, ష్రోడర్ కలిసి, కార్టెక్స్ మొత్తం మూలంలోనే బహుళ ఇంద్రియాలదేమో అని ప్రశ్న వేశారు. నేను వాళ్ళ వైపే. కలపడం అనేది ఆఖర్లో చేసే పని కాదు, మొదటి మెట్టు నుంచే జరుగుతూ ఉంటుంది, నా అభిప్రాయంలో స్కూలు పుస్తకాల్లో మారాల్సింది ఇదే.

గోదారిగట్టు
సుధ గారూ, నాకు ఒకటి అర్థం కావట్లేదండి. చెవులు తలకి అతుక్కుని ఉంటాయి, కళ్ళు గుంటల్లో అటూ ఇటూ తిరుగుతుంటాయి. చప్పుడు తలకి కుడిపక్క 20 డిగ్రీలు అని చెవి చెప్తుంది, రెటీనా మాత్రం చూపు ఎటుంటే అక్కణ్ణుంచి కొలుస్తుంది. రెండు మ్యాపుల సున్నా గీతలు వేరు వేరు, అదీ క్షణానికోసారి మారిపోతాయి. మరి ఒకే చోటు అని ఎలా తేలుతుందండి?

న్యూరో_సుధ
ఈ ప్రశ్న మీదే కొందరు జీవితాంతం పని చేశారు సార్! 1984లో జే, స్పార్క్స్ అనేవాళ్ళు కోతి తల కదలకుండా ఉంచి, చూపు మాత్రం ఎడమకీ కుడికీ మార్పించి, అదే చోటు నుంచి చప్పుడు వినిపించారు. సుపీరియర్ కాలిక్యులస్‌లో శబ్దానికి స్పందించే న్యూరాన్లు చూపుతో పాటు జరిగాయి. అంటే చెవి కొలతని మెదడు కంటి కొలతలోకి మార్చుకుంటోంది, పూర్తిగా కాదు, చాలావరకు.

తర్వాత జెన్నిఫర్ గ్రో వాళ్ళు ఇంకా కిందికి వెళ్ళారు, చెవి నుంచి వచ్చే దారిలోనే ఉన్న ఇన్ఫీరియర్ కాలిక్యులస్‌లో కూడా చూపు ఎటుందో అన్న సమాచారం కనపడింది. ఆ తర్వాత 2018లో వచ్చింది చూడండి, చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయా: కళ్ళు పక్కకి తిప్పినప్పుడల్లా కర్ణభేరి కదులుతోంది. బయట చప్పుడే లేదు, చీకటి గది, చెవిలో చిన్న మైక్రోఫోన్ పెట్టి విన్నారు, మనుషుల్లోనూ కోతుల్లోనూ. చూపు ఎడమకైతే ఒకలా, కుడికైతే దానికి ఎదురుగా. కంటి కదలిక మొదలయ్యే ముందే కొంచెం మొదలవుతోంది కాబట్టి మెదడు నుంచి ఆర్డర్ వస్తోందనే అర్థం. దాని వల్ల వినికిడికి ఏం ఉపయోగమో ఇంకా పరిశోధన నడుస్తోంది.

గోదారిగట్టు
కర్ణభేరి దాకా!! రేపు క్లాసులో పిల్లలకి చెప్పాల్సిందేనండి ఇది.

ఎడిటర్_చందు
నా రెండో ప్రశ్న మర్చిపోయారు అందరూ. ప, బ, మ సంగతి?

రమ_స్పీచ్
అది నేను చెప్తాను చందూ, నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అని ఇద్దరు, పెదాలతో 'గ' అంటున్న వీడియో మీద 'బ' అన్న ఆడియో పెట్టి వినిపించారు. చాలామందికి 'ద' అని వినపడింది, ఆడియోలోనూ లేదు వీడియోలోనూ లేదు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ మామూలుగా 'బ'. తిరగేసి, పెదాల మీద 'బ', ఆడియోలో 'గ' పెడితే రెండూ కలిసి 'బ్‌గ' లాంటిదేదో వినపడుతుంది, ఎందుకంటే పెదాలు మూసుకోవడం కళ్ళారా కనిపించాక మెదడు దాన్ని లేదనుకోలేదు. నీకు గుచ్చుకునేది అదే. ప, బ, మ లకి పెదాలు మూసుకోక తప్పదు, అది కంటికి తెలిసిపోతుంది. క, గ లు నోటి లోపల వెనక్కి పుడతాయి, బయటికి పెద్దగా కనపడవు, అందుకే అక్కడ నువ్వు ఏం కూర్చోబెట్టినా కన్ను ఒప్పేసుకుంటుంది. మరి ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి, వాటిలో ఏది ఏదో చెప్పాల్సింది చెవే. కంటికి కష్టమైన తేడాలు చెవికి సులువు, చెవికి గోలలో పోయే తేడాలు కంటికి సులువు. పెళ్ళిలో బ్యాండు మోగుతుంటే ఎదుటి మనిషి మొహం చూస్తూనే మాట్లాడతాం కదా, ఊరికే కాదు. సంబీ, పొల్లాక్ 1954లోనే కొలిచారు, గోల పెరిగేకొద్దీ మొహం కనపడటం వల్ల వచ్చే లాభం పెరుగుతుంది.

కడప_కిరణ్
ఆ వీడియో చూసినా మేడం, నాకు 'బ' అనే వినపడె. మా తమ్మునికి 'ద' వచ్చింది.

రమ_స్పీచ్
అది లోపం కాదు కిరణ్. మనిషి మనిషికీ చాలా తేడా ఉంటుంది, కొందరికి ఎప్పుడూ రాదు, కొందరికి ప్రతిసారీ వస్తుంది. వీడియో ఎవరిది అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ఈ ఒక్క భ్రమతో మనిషి 'కలిపే శక్తి' కొలిచేస్తాం అనడం సరికాదని ఇప్పుడు చాలామంది అంటున్నారు, నేనూ అదే అంటాను.

న్యూరో_సుధ
దీనికి ఒకటి కలుపుతా, 2010లో బోషాంప్ వాళ్ళు ఈ భ్రమ బాగా వచ్చే వాళ్ళలో ఎడమ ఎస్‌టీఎస్ మీద, సరిగ్గా ఆ శబ్దం వినే టైములో, అయస్కాంత పల్స్ ఇచ్చారు. భ్రమ బాగా తగ్గిపోయింది. కోతిలో 1981లో దొరికిన ఆ మడత మనిషిలో మాటని కలిపే చోటుగా పని చేస్తోందని దీంతో ఇంకా గట్టిగా తేలింది.

స్వాతి_విశాఖ
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా పాపకి పుట్టుకతో వినపడదు, రెండేళ్ళు నిండకముందే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి శబ్దాన్ని నరానికి అందించే పరికరం) పెట్టారు, ఇప్పుడు మూడున్నర. ఒక థెరపీ సెంటర్లో మాట్లాడేటప్పుడు మీ నోరు పాపకి కనపడనివ్వకండి, పెదాలు చూడటం అలవాటైతే వినడం నేర్చుకోదు అన్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే పాప నా చెయ్యి లాగేస్తుంది, ఏడుస్తుంది. ఈ చర్చ అంతా చదివాక నాకు భయం వేస్తోంది, నేను చేసేది పాపకి మంచిదేనా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

రమ_స్పీచ్
స్వాతి గారూ, ముందు కంగారు పడకండి. ఆ సలహా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. ఇంప్లాంట్ ద్వారా వచ్చే శబ్దం కొత్తది, మెదడు దాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకోవాలి, అందుకని ఒకప్పుడు సెషన్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. ఇప్పుడు చాలామంది అది మానేశారు, పక్కన కూర్చుని మాట్లాడటం, బొమ్మ చూపించే ముందే దాని చప్పుడు వినిపించడం, ఇలాంటివి చేస్తారు. వినడం మీద కొంతసేపు ప్రత్యేకంగా ప్రాక్టీస్ ఉండాలి, అది నిజం. కానీ రోజంతా అమ్మ మొహం దాచేయడం వేరు. పాప చెయ్యి లాగేస్తోందంటే తనకి కావాల్సింది ఎక్కడుందో తనకి తెలుసు.

2005లో ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లల మీద ఒక స్టడీ వచ్చింది, పైన చెప్పిన బ–గ–ద లాంటి పరీక్షే పెట్టారు. రెండున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్ అయిన పిల్లల్లోనే కన్నూ చెవీ నిలకడగా కలవడం కనపడింది, ఆలస్యమైన వాళ్ళు ఎక్కువగా కంటినే నమ్ముకున్నారు. మీ పాపకి రెండేళ్ళ లోపే అయింది, అది చాలా మంచి విషయం. ఈసారి మీ ఆడియాలజిస్ట్‌ని కలిసినప్పుడు మ్యాపింగ్ (ఇంప్లాంట్ సెట్టింగులు పాపకి తగ్గట్టు పెట్టడం) సరిగ్గా ఉందో లేదో చూడమనండి, ఈ నోరు దాచే సంగతి కూడా నేరుగా అడగండి.

స్వాతి_విశాఖ
చాలా థాంక్స్ మేడం. ఇవాళ చెయ్యి పెట్టకుండానే కథ చెప్పాను, కదలకుండా వింది.

న్యూరో_సుధ
స్వాతి గారూ, కోతుల నుంచి వచ్చిన ఒక సంగతి మీకోసం. పుట్టిన వెంటనే కోతిపిల్ల సుపీరియర్ కాలిక్యులస్‌లో చూపుకీ చప్పుడికీ రెండిటికీ స్పందించే న్యూరాన్లు ఉంటాయి, వాలస్, స్టైన్ 2001లో చూశారు. కానీ అవి ఇంకా కలపలేవు, రెండూ కలిపి ఇచ్చినా లాభం ఉండదు. చీకట్లో పెంచిన పిల్లుల్లో అయితే పెద్దయ్యాక కూడా ఆ శక్తి రాలేదు. తీగలు పుట్టుకతో వస్తాయి, కలపడం మాత్రం చూసీ వినీ నేర్చుకోవాల్సిందే.

మనుషుల పిల్లల్లో ఇంకా చిత్రం. 2006లో ల్యూకోవిచ్, గజన్‌ఫర్ నాలుగు నుంచి ఆరు నెలల పిల్లలకి పక్కపక్కన రెండు కోతి మొహాలు చూపించి ఒక అరుపు వినిపిస్తే, ఆ అరుపుకి సరిపోయే మొహం వైపే ఎక్కువసేపు చూశారు. ఎనిమిది పది నెలలొచ్చేసరికి అది పోయింది! ఎందుకంటే వాళ్ళ చుట్టూ ఉన్నది మనుషుల మొహాలు, మెదడు వాటికి తగ్గట్టు పదునెక్కింది. ఈ పిల్లలకి చేసిన పరీక్ష లాంటిదే 2003లో పెద్ద రీసస్ కోతులకి పెడితే అవి కూడా అరుపుకి తగ్గ మొహమే చూశాయి.

కడప_కిరణ్
మన దగ్గర ఎవరైనా దీని మీద పని చేస్తున్నారా? అన్నీ అమెరికా, జర్మనీ పేర్లే వినపడుతుండాయి.

న్యూరో_సుధ
ఉన్నారు, హైదరాబాద్‌లోనే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లూ, జర్మనీలో హాంబర్గ్ యూనివర్సిటీ నుంచి బ్రిగిట్టే రోడర్ బృందమూ కలిసి చాలా ఏళ్ళుగా పని చేస్తున్నారు. పుట్టుకతోనే రెండు కళ్ళకీ దట్టమైన శుక్లాలు ఉండి, తర్వాత ఆపరేషన్‌తో చూపు వచ్చినవాళ్ళతో. ఎవర్నీ కావాలని చీకట్లో పెంచకుండా ఈ ప్రశ్న అడగగలిగే దారి అదొక్కటే.

2019లో వాళ్ళ పేపర్ ఒకటి వచ్చింది. కోసుగా ఉన్న ఆకారానికి 'కికి' లాంటి పేరు, గుండ్రటిదానికి 'బౌబా' లాంటి పేరు పెట్టడం చాలామందికి సహజంగా వస్తుంది, అలాంటి పరీక్షే పెట్టారు. పుట్టుకతో శుక్లాలుండి ఆపరేషన్ అయినవాళ్ళలో ఆ జత కుదరలేదు. కొంచెం పెరిగాక శుక్లాలు వచ్చినవాళ్ళలో కూడా కుదరలేదు. కానీ బాగా చూసి, పెద్దయ్యాక చూపు పోగొట్టుకున్నవాళ్ళలో మాత్రం అది చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు ఒకసారి కుదిరింది చూపు పోయినా ఉండిపోయింది.

స్వాతి_విశాఖ
అయితే శుక్లాలున్న పిల్లలకి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలండి? మా ఊళ్ళో ఒక బాబుకి కంటిపాపలో తెల్లగా కనపడుతోంది, ఐదు వారాలు. పెద్దయ్యాక చూద్దాంలే అంటున్నారు ఇంట్లో.

రమ_స్పీచ్
ఆగొద్దండి, ఈ వారమే పిల్లల కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమనండి. తెల్లగా కనపడటం శుక్లమే కానక్కర్లేదు, అంతకంటే ప్రమాదమైనవీ ఉంటాయి, అదీ తొందరగా తేలాలి. దట్టమైన శుక్లమే అయితే మామూలుగా మొదటి రెండు నెలల్లోపే ఆపరేషన్ చేస్తారు. వాళ్ళు ఏ జిల్లాలో ఉన్నారో నాకు మెసేజ్ పెట్టండి, దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో కనుక్కుని చెప్తాను.